డెల్టాలో గ్రీకు ఆడపేర్లు

(డెల్టాలోని నగరం అనే ఊళ్లో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)

తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య పరుచుకున్న కృష్ణా డెల్టా ఊళ్లలో లూదియ, ఫీబే, దొర్కా, యునీకే, సోఫియా, హెలెన్, ఐరీన్, మార్గరెట్, ఆగ్నెస్ వంటి పేర్లు కొత్త కాదు. చర్చి రిజిస్టరులోనో, బడి హాజరు పట్టీలోనో, పెళ్లి శుభలేఖ మీదో ఇవి కనిపిస్తూనే ఉంటాయి. ఇంగ్లీషు పేర్లని చాలామంది అనుకుంటారు. దొరల పేర్లని పాతకాలం వాళ్లు అనేవారు. నిజానికి ఇవన్నీ గ్రీకు పేర్లు. ఇంగ్లీషు వీటికి పుట్టినిల్లు కాదు, దారిలో ఒక మజిలీ. కొన్నిటికి ఆ మజిలీ కూడా లేదు. గ్రీకు మూలం నుంచి నేరుగా తెలుగు బైబిలులోకి దిగి, అక్కడి నుంచి ఉయ్యాల దాకా వచ్చాయి.

గ్రీకులకు ఈ తీరం తెలియనిది కాదు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీకులో భూగోళం రాసిన టాలెమీ కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా అని పేర్కొన్నాడు. నగరం ఊరికి పొరుగునే ఉన్న భట్టిప్రోలు స్తూపం అంతకంటే పాతది. అలెగ్జాండర్ రే 1892లో అక్కడ జరిపిన తవ్వకంలో ధాతు కరండాలు బయటపడ్డాయి. పడమటి ఓడల రాకపోకలకు గుర్తుగా ఆంధ్రదేశంలో రోమను నాణేలు దొరికాయి. అయినా ఆ కాలంలో ఈ నేల మీద దానధర్మాలు చేసిన స్త్రీల పేర్లు గ్రీకువి కావు. నాగార్జునకొండ శాసనాల్లో కనిపించేది చాంతిసిరి, బోధిసిరి వంటి అచ్చమైన ప్రాకృతం పేర్లు. వర్తకులు సరుకు దించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. పుట్టిన పిల్లకు ఏం పేరు పెట్టాలో చెప్పగలిగినవాళ్లు ఇంటిలోపలికి, బాలింత మంచం దాకా రాగలగాలి. అలా రాగలిగినవాళ్లు ఈ ప్రాంతానికి 19వ శతాబ్దంలో గాని రాలేదు.

గ్రీకు పేరు కట్టుబడి తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మన పేర్లలో చాలావాటిలాగే అదీ రెండు మాటల సమాసం. గ్రీకు, సంస్కృతం ఒకే కుటుంబపు భాషలు కాబట్టి ఆ మాటల్లో కొన్ని అక్కచెల్లెళ్లు కూడా. గ్రీకులో ‘యు’ అనే ఉపసర్గ సంస్కృతంలోని ‘సు’తో ఒకే మూలం నుంచి పుట్టింది, అర్థం రెండిటికీ మంచి అనే. ‘గెన్’ అంటే పుట్టుక. సంస్కృత ‘జన్’ ధాతువుకు అది తోబుట్టువు. ఈ రెండూ కలిసిన యూజీనియా అచ్చంగా మన సుజాత. పేరు అర్థమే కాదు, ఎముకలు కూడా ఒకటే. యులాలియా అంటే చక్కగా మాట్లాడేది, సుభాషిణి. యుడోరా మంచి కానుక. యుడోషియా మంచి పేరున్నది. యునీకేలో రెండో భాగం ‘నీకే’, అంటే విజయం. తెలుగింట విజయ, జయ, జయప్రద అనే పేర్లున్న చోట గ్రీకింట నీకే, యునీకే ఉంటాయి.

‘యు’కు ఎదురు ‘దిస్’. ఇది సంస్కృత ‘దుస్’కు చుట్టం. దుర్దశ, దుర్మతి అన్నప్పుడు వినిపించేది అదే. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో భార్య డెస్డిమోనా పేరు ఈ ఉపసర్గతో మొదలైందే. దౌర్భాగ్యురాలు అని దానికి అర్థం. కథ తెలిసిన రచయిత పెట్టగలిగిన పేరే గాని, కన్నవాళ్లు పెట్టే పేరు కాదు.

దేవుడిని ‘థియోస్’ అని, కానుకను ‘దోరోన్’ అని అంటారు. థియోడోరా అన్నా, ముందు వెనకలు చేసి డొరోతియా అన్నా దేవుడిచ్చిన బిడ్డ. దోరోన్, దానం ఒకే ధాతువు పిల్లలు. అయితే థియోస్, దేవ అన్నవి చెవికి ఒకేలా తగులుతున్నా వాటికి చుట్టరికం లేదు. ‘దేవ’కు గ్రీకులో నిజమైన బంధువు జ్యూస్. పేర్ల పుస్తకాలు ఇటువంటి చోటే ఎక్కువగా తప్పటడుగు వేస్తాయి. క్లియోపాత్ర పేరులో మొదటిది ‘క్లియోస్’, కీర్తి, సంస్కృతంలో ‘శ్రవస్’. రెండోది పితృశబ్దం. తండ్రికి కీర్తి తెచ్చేది అని అర్థం. అలెగ్జాండ్రా అంటే మనుషులను కాపాడేది. అందులోని ‘అండ్ర్’ మన ‘నర’కు బంధువు. బైబిలులో అగ్రిప్ప రాజుతో కనిపించే బెర్నీకే, గ్రీకులో ఫెరెనీకేకు మాసిడోనియా వాళ్ల ఉచ్చారణ, విజయాన్ని మోసుకొచ్చేది. మోయడానికి గ్రీకులో ఉన్న ‘ఫెర్’, సంస్కృతంలో భారాన్ని, భరించడాన్ని ఇచ్చిన ‘భృ’ ఒకటే.

ఈ పేర్ల వయసు ఆశ్చర్యం కలిగిస్తుంది. గ్రీసులోని మైసీనీలో దొరికిన ఒక మట్టిపలక మీద అలెగ్జాండ్రా, థియోడోరా అనే రెండు పేర్లూ ఉన్నాయి. ఆ పలక క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటిది. దాని మీది లిపిని మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించేదాకా అది గ్రీకు అన్న సంగతే ఎవరికీ తెలియదు. అంటే హోమర్ కావ్యాలకు నాలుగైదు వందల ఏళ్ల ముందే ఎవరో తల్లిదండ్రులు కూతురిని థియోడోరా అని పిలుచుకున్నారు.

సమాసాలు కానివి కూడా బోలెడు. పువ్వులు, చెట్లు, జంతువులు, రత్నాలు, గుణాలు, దేశాలు అన్నీ పేర్లయ్యాయి. మగపేరు చివర మార్చి ఆడపేరు చేయడం ఎక్కువ. ఆడపేర్ల చివర మామూలుగా ఆ, ఏ అనే అచ్చులో, ‘ఇస్’ అనే ప్రత్యయమో ఉంటుంది.

ఇంత చక్కని పేర్లున్నా, పాత ఏథెన్సులో మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్ల పేరు పదిమందిలో ఎత్తేవారు కాదు. న్యాయస్థానంలో వక్తలు బతికున్న గృహిణిని ఫలానావాడి కూతురు, ఫలానావాడి భార్య అనే చెప్పేవారు. పేరు పెట్టి చెబితే అవమానం. తెలుగు ఊళ్లలో ఫలానావారి కోడలు, పెద్దోడి తల్లి అన్న వ్యవహారం ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆనాటి గ్రీకు స్త్రీల పేర్లు ఎక్కువగా సమాధి రాళ్ల మీద, గుడికి ఇచ్చిన కానుకల మీద దొరికాయి. వాటన్నిటినీ పోగుచేసే గ్రీకు వ్యక్తినామ నిఘంటువు పని ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ ఫ్రేజర్ చేతుల మీదుగా 1972లో మొదలైంది. మొదటి సంపుటం 1987లో వచ్చింది.

డెల్టాకు అందిన పేర్లు ఆ రాజుల, వీరుల గ్రీసు నుంచి వచ్చినవి కావు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో మధ్యధరా తీరపు రేవు పట్నాల్లో బతికిన మామూలు మనుషుల పేర్లవి. కొత్త నిబంధన గ్రీకులో రాసిన గ్రంథం. అపొస్తలుల కార్యములలోను, పౌలు పత్రికలలోను తారసపడే ఆడవాళ్లు వర్తకులు, పనిపిల్లలు, విధవలు, సంఘ పరిచారకురాళ్లు. రోమీయులకు రాసిన పత్రికలో 16వ అధ్యాయం చాలామట్టుకు శుభములు చెప్పే పేర్ల వరసే. చదివేటప్పుడు దాటేసే అధ్యాయమది. పేర్ల చరిత్ర చూసేవాళ్లకు మాత్రం అంతకు మించిన గని లేదు.

ఆ అధ్యాయం ఫీబేతో మొదలవుతుంది. కొరింథు పక్కన ఉన్న కెంక్రేయ రేవులో ఆమె సంఘ పరిచారకురాలు. ఫీబే అంటే కాంతిగలది. పాత గ్రీకు పురాణాల్లో ఒక దేవతకు ఆ పేరుంది. సూర్యుడితో పోల్చే అపొల్లోను ఫీబస్ అన్నట్టే, చంద్రుడితో ముడిపడిన అతని కవల సోదరి ఆర్టెమిస్‌ను ఫీబే అన్నారు. తెలుగులో దీనికి దగ్గర పేరు ప్రభావతి. క్రైస్తవ పరిచారకురాలికి పాత దేవత పేరు ఉండటం మీద పౌలుకు అభ్యంతరమేమీ లేనట్టుంది. మారుమనసు పొందినవాళ్లు పేరు కూడా మార్చుకోవాలన్న నియమం తర్వాతి కాలం వాళ్లు పట్టుకున్నది.

లూదియ తుయతైర ఊరిది. ఫిలిప్పీ పట్నంలో ఊదారంగు సరుకు అమ్ముకునేది. ఆసియా మైనరులో లిడియా అనే దేశం ఉండేది. ఆ దేశపు స్త్రీ అని పేరుకు అర్థం. అద్దకం, నేత ఎరిగిన చీరాల, మంగళగిరి ప్రాంతాల ఆడవాళ్లకు బైబిలులో ఇంతకంటే దగ్గరి మనిషి లేదు. దొర్కా యొప్పేలో విధవరాళ్లకు అంగీలు, వస్త్రాలు కుట్టి ఇచ్చిన స్త్రీ. గ్రీకులో ఆ మాటకు జింక అని అర్థం. ఆమె అరమేయిక పేరు తబితాకూ అదే అర్థం. మన హరిణి అన్నమాట. ఆమె కుట్టుపని వల్ల లోకమంతటా క్రైస్తవ స్త్రీల కుట్టు సంఘాలకు దొర్కా పేరే పెట్టారు.

క్లోయె పేరు ఈ డెల్టాకు అన్నిటికంటే బాగా నప్పుతుంది. నేలలోంచి అప్పుడే లేచిన పచ్చని మొలకను గ్రీకులో అలా అంటారు. పంటల దేవత దిమీతర్‌ను లేతపైరు వేళ ఆ పేరుతోనే కొలిచేవారు. మాగాణి ఊరిలో ఆకుమడి పచ్చబడినప్పుడు పుట్టిన పిల్లకు పెట్టదగిన పేరు. తెలుగులో పల్లవి ఉండనే ఉంది. బైబిలులో క్లోయె గురించి ఒక్క ముక్కే ఉండటం వల్ల కాబోలు, పాత తరంలో ఈ పేరు పెద్దగా అందుకోలేదు.

త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అనే ముగ్గురు రోమీయుల పత్రిక 16వ అధ్యాయంలోనే ఒకే వచనంలో వస్తారు. మొదటి రెండూ సుఖం, సుకుమారం అనే మాట నుంచి పుట్టినవి, సుకుమారి అనవచ్చు. పెర్సిసు అంటే పారసీక దేశపు ఆడమనిషి. ఇవి అందంగా ఉన్నా వీటి వెనక ఒక చేదు నిజం ఉంది. రోమను కాలంలో ఇటువంటి పేర్లు బానిసలకు, విడుదలైన బానిసలకు విరివిగా ఉండేవి. కొన్న పిల్లను ఏ దేశం నుంచి తెచ్చారో ఆ దేశం పేరుతోనో, యజమానికి ముద్దు అనిపించిన గుణం పేరుతోనో పిలిచేవారు. ప్రభువునందు ప్రయాసపడినవాళ్లుగా పౌలు వాళ్లను మర్యాదగా తలచుకున్నాడు. బానిసకు యజమాని తగిలించిన పేరు పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత డెల్టాలో పాలేరు కూతురికి, ‘ఒసే’ అనిపించుకోకుండా నిలబడగలిగే పేరయింది.

ఈ పేర్లను తెచ్చిన మిషన్లు ఒకటి కాదు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరి లూథరను పని మొదలుపెట్టాడు. రేపల్లె, తెనాలి ఆ మిషన్‌కు ముఖ్య కేంద్రాలయ్యాయి. ఆ సంఘాలన్నీ 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘంగా ఏర్పడ్డాయి. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. రక్షణ సైన్యం 1882లో బొంబాయిలో దిగి, తర్వాత ఈ తీరానికీ వచ్చింది. కథోలికులు అంతకుముందు నుంచే ఫిరంగిపురం వంటి చోట్ల ఉన్నారు. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడింది. పేర్ల విషయంలో మాత్రం పాదరీల కంటే ఆడవాళ్లదే పైచేయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా సారా కుగ్లర్ వంటి మిస్సమ్మలు, ఆసుపత్రి నర్సులు, ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించిన బైబిలు స్త్రీలు బాలింత పక్కన కూర్చున్నవాళ్లు.

తెలుగు కొత్త నిబంధన 1818లో సీరాంపూరులో అచ్చయింది. ఆ తర్వాత సరిదిద్దిన తర్జుమాల్లో గ్రీకు పేర్లను వీలైనంత మూలానికి దగ్గరగా రాశారు. దీని ఫలితం విచిత్రం. ఇంగ్లీషు వాళ్లు యూనిస్ అని చివరి అచ్చు మింగేసిన పేరు తెలుగులో యునీకేగా నిలిచింది. వాళ్లకు ఫీబీ అయినది ఇక్కడ ఫీబే. ఇటువంటి పేర్ల గ్రీకు ఉచ్చారణ విషయంలో రేపల్లె పల్లెలో చదివే తెలుగు బైబిలు లండన్‌లో చదివే ఇంగ్లీషు బైబిలు కంటే నమ్మదగినది.

అయితే ఆ నమ్మకమే చిక్కు తెచ్చింది. తెలుగు అజంత భాష కాబట్టి అచ్చుతో ముగిసే గ్రీకు ఆడపేర్లు నోటికి ఇట్టే రావాలి. ‘ఆ’తో ముగిసేవి అలాగే వచ్చాయి. ‘ఏ’తో ముగిసేవి అంత సులువుగా రాలేదు. తెలుగులో మాట చివర ‘ఏ’ ఉంటే అది నొక్కి చెప్పడం. ఫీబే అంటే ఫీబు తప్ప ఇంకెవరూ కాదన్నట్టు వినిపిస్తుంది. రొదే గతి మరీ అన్యాయం. గ్రీకులో అది గులాబి. తెలుగులో రొద అంటే గోల. పేతురు తలుపు తడుతుంటే, సంతోషంలో తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తిన పనిపిల్ల ఆమె. కథకు ఆ గోల నప్పినా, పిల్లకు ఆ పేరు పెట్టడానికి తల్లులు వెనకాడారంటే తప్పుపట్టలేం. పువ్వు కావలసినవాళ్లు రోజమ్మ, రోజ్ మేరీ అని లాటిన్ దారిన వెళ్లారు. లూకా సువార్తలో దేవాలయం విడవని వృద్ధ ప్రవక్త్రి పేరు తెలుగులో ‘అన్న’ అని ఉంది. హెబ్రీ హన్నాకు గ్రీకు రూపమది. ఆడమనిషిని అన్న అనలేక జనం హన్నమ్మ, అన్నమ్మ అన్నారు. చివర అమ్మ చేరితే ఎంతటి పరాయి పేరైనా ఇంటిదవుతుంది.

కాలం గడిచేకొద్దీ కాన్వెంటు చదువులతో ఇంగ్లీషు రూపాలు లోపలికి వచ్చాయి. ఒకే ఇంట్లో నాయనమ్మ లూదియమ్మ, మనవరాలు లిడియా. ఇంకా పెద్ద తేడా చర్చి పేరుకూ బడి పేరుకూ మధ్య ఉంది. షెడ్యూల్డు కులాల గుర్తింపును 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది గాని క్రైస్తవులకు వర్తించలేదు. దాంతో బాప్తిస్మ రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో మరో పేరు ఉండటం చాలా కుటుంబాల్లో మామూలైంది. ఈ పేర్లలో ఎన్ని గుడి లోపలే ఉండిపోయాయో జనాభా లెక్కలు చెప్పలేవు. తెనాలివాడైన చక్రపాణి నిర్మాతగా, 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ సినిమాలో మేరీగా పెరిగిన పిల్ల అసలు పేరు మహాలక్ష్మి. ఒకే మనిషికి రెండు పేర్లన్న ముడి మీదే ఆ కథంతా నడుస్తుంది. డెల్టా ప్రేక్షకులకు అందులో నవ్వుతో పాటు తెలిసిన సంగతి కూడా ఉంది.

ధ్వనిగా వచ్చిన పేర్లు ఒక ఎత్తు, అర్థంగా వచ్చినవి మరో ఎత్తు. ఈ రెండో రకాన్ని గ్రీకు పేర్లుగా ఎవరూ గుర్తించరు. సువార్త, సువార్తమ్మ అనేది ‘ఎవాంగెలియోన్’ అన్న గ్రీకు మాటకు తెలుగు. ముందున్న ‘సు’ అక్కడి ‘యు’యే. ఐరీన్ అంటే శాంతి. ఖారిస్ అంటే కృప; కృపమ్మ, కృపారాణి అదే. ఎల్పిస్ అంటే ఆశ. దీనిని తెలుగు బైబిలు నిరీక్షణ అంది. బస్సు కోసమో ఉత్తరం కోసమో ఎదురుచూడటాన్ని మామూలు తెలుగులో నిరీక్షణ అంటారు. చర్చి తెలుగులో అది రాబోయేదాని మీద నమ్మకం. ఆ రెండో అర్థంతో నిరీక్షణ ఆడపిల్ల పేరైంది. గ్రీకు సంఘాల్లో సోఫియా అనే తల్లికి పిస్టిస్, ఎల్పిస్, అగాపే అని ముగ్గురు కూతుళ్లున్నట్టు, ముగ్గురూ రోములో హతసాక్షులైనట్టు ఒక గాథ ఉంది. జ్ఞానానికి పుట్టిన విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. ఆ ముగ్గురి పేర్లు తెలుగులో పెడితే ఏ లూథరను కుటుంబంలోనైనా సరిగ్గా ఇముడుతాయి. నిలబడేవి ఈ అర్థపు పేర్లే అనడానికి గట్టి కారణముంది. వీటిని పలకడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. సర్టిఫికెట్‌లోనూ ఇవి అడ్డం రావు.

సువార్తకు ఇంగ్లీషు రూపం కూడా ఈ ప్రాంతంలో గోడ మీద రాసి ఉంది. తెనాలి, బాపట్ల మధ్య రైలు దారిలో ఉన్న నిడుబ్రోలులో రక్షణ సైన్యం వారి ఎవాంజలీన్ బూత్ ఆసుపత్రి ఉంది. బాపట్లలోని వారి కుష్ఠు ఆసుపత్రికీ అదే పేరు. ఎవాంజలీన్ బూత్ (1865–1950) ఆ సంస్థ స్థాపకుడు విలియం బూత్ కూతురు. 1934లో దానికి జనరల్ అయింది, ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమె. ఎవాంజలీన్ పాతకాలపు గ్రీకు పేరు కాదు. గ్రీకు మాట తీసుకుని కొత్తగా కట్టిన పేరు. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1847లో రాసిన కావ్యంతో అందరి నోళ్లలో పడింది.

కథోలికుల పేర్లు పునీతుల పట్టిక నుంచి వచ్చాయి. మార్గరెట్ గ్రీకు ‘మార్గరీతేస్’, ముత్యం. ముత్యాలమ్మ జాతర జరిగే ఊరి పక్క ఊళ్లోనే మార్గరెట్ ఉంటుంది. ఆగ్నెస్ ‘హగ్నే’ నుంచి; పవిత్రురాలు. లాటిన్‌లో గొర్రెపిల్లను ఆగ్నుస్ అంటారు కాబట్టి రెండూ కలిపేసుకుని, పునీత ఆగ్నెస్ బొమ్మ చేతిలో గొర్రెపిల్లను పెట్టారు. పేరు వల్ల బొమ్మ మారిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అగాథా అంటే మంచిది. బార్బరా అంటే పరదేశి స్త్రీ. గ్రీకు రానివాళ్ల మాట ‘బర్ బర్’ అని వినపడటం వల్ల పుట్టిన పదమది, సంస్కృతంలో బర్బర ఉంది. అనస్తాసియా పునరుత్థానం. ఫిలోమినా అంటే ప్రేమ పొందినది. ఆ పునీత ఆరాధన 1802లో రోము సమాధుల్లో దొరికిన అస్థికల నుంచి మొదలై ఇండియా దాకా వ్యాపించింది. 1961లో రోము ఆమె పండుగను పట్టికల నుంచి తీసేసినా, తెలుగింట ఫిలోమినమ్మ పేరు పోలేదు.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన ఇళ్లు, కాన్వెంటు హాస్టళ్లు ఇంకొన్ని పేర్లు చేర్చాయి. వీటికి మతంతో పని లేదు. డాఫ్నీ అపొల్లో తరమగా చెట్టయిపోయిన అప్సరస. ఆ చెట్టు పేరే ఆమె పేరు. ఫిలిస్ అంటే ఆకులు. ఐరిస్ ఇంద్రధనుస్సు. మెలిస్సా తేనెటీగ, హెబ్రీ దెబోరాకూ సరిగ్గా అదే అర్థం. సింథియా డీలోస్ ద్వీపంలోని కింథోస్ కొండది, అంటే ఆర్టెమిస్. జోయీ అంటే జీవం. హెబ్రీ బైబిలును గ్రీకులోకి మార్చిన పండితులు ఆదికాండంలో హవ్వను ఒకచోట ఆ పేరుతోనే రాశారు.

నేటి గ్రీసులో పేర్లు పెట్టే తీరు తెలుగు పాత పద్ధతికి దగ్గర. మొదటి కూతురికి చాలాచోట్ల నాయనమ్మ పేరు పెడతారు, రెండోదానికి అమ్మమ్మ పేరు. అందువల్ల ఒకే ఊళ్లో పినతండ్రి పిల్లలంతా ఒకే పేరుతో ఉండటం మామూలే. మరియా, ఎలేని, కాతెరీని, వసిలికి, సోఫియా, అంగెలికి అక్కడ అడుగడుగునా వినిపిస్తాయి. వసిలికి అంటే రాచది, మన రాణి. పరస్కెవి అంటే శుక్రవారం, కిరియాకి అంటే ఆదివారం. పుట్టినరోజు కంటే పేరుకు చెందిన పునీతుల పండుగ రోజుకే విలువ ఎక్కువ: ఎలేనికి మే 21, మరియాకు ఆగస్టు 15, సోఫియాకు, ఆమె ముగ్గురు కూతుళ్లకు సెప్టెంబరు 17, కాతెరీనికి నవంబరు 25. ఆ రోజు పిలవకపోయినా ఇంటికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పడం మర్యాద.

గ్రీకు అని పొరపాటుపడే పేర్లు కూడా డెల్టాలో ఉన్నాయి. స్టెల్లా, గ్లోరియా, గ్రేస్, సిసిలియా, ప్రిస్కిల్ల, జూలియా లాటిన్‌వి. ఎలీసబెతు, సుసన్న, యోహన్న హెబ్రీవి. గ్రీకు వాటికి కొత్త దుస్తులు మాత్రం తొడిగింది. మార్త అరమేయికం, ఇంటి యజమానురాలు అని. మరియ హెబ్రీ మిర్యాము గ్రీకు నోటిలో పడిన రూపం.

మరికొన్నిటి అర్థం పండితులు తేల్చలేదు. హెలెన్‌ను దివిటీ అన్నవాళ్లున్నారు, వెలుగు అన్నవాళ్లున్నారు. ఏదీ రుజువు కాలేదు. కేథరిన్‌కు పవిత్రురాలు అనే అర్థం తర్వాత అతికించినది. ‘కథరోస్’ అనే మాటతో పోలిక చూసి పేరు వర్ణక్రమాన్ని కూడా మార్చారు, మొదటి రూపం ఐకాతెరీనే. తెరెసాను కోతకాలంతో కలిపేవాళ్లు, తేరా ద్వీపంతో కలిపేవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏథెన్సులో పౌలు మాట విన్న దమరి పేరు పెయ్యదూడ అనే మాటకు దగ్గరగా ఉంది గాని అంతకుమించి సాక్ష్యం లేదు. తిమోతి అమ్మమ్మ లోయి పేరుకైతే నిఘంటువులు ఒప్పుకున్న అర్థమే లేదు. పేర్ల పుస్తకాలు ఆమెకు ‘మేలైనది’ అని రాస్తాయి, ఆధారం చూపవు. కూతురు యునీకే పేరుకు మాత్రం ఆ ఇబ్బంది లేదు.